మాగబెట్టిన మందు

అబ్బులని ఒకడుండేవాడంట లంకలో. నాకంటే తెలివైనోడే, అంటే దానికి పెద్ద తెలివేం అక్కర్లేదనుకో. గోదారి మధ్య ఊరది. వరదొస్తే పడవ ఆగిపోద్ది, పడవ ఆగితే అవతలి రేవులో మందుల కొట్టు కాశీ అంత దూరం. ఆళ్ళావిడ వరహాలమ్మకి ఉబ్బసం. అప్పుడెప్పుడో వరదలో పీల్చే మందు అయిపోయి గాలి కోసం అల్లాడిపోయిందంట పాపం. అది చూశాక అబ్బులికి భయం పట్టుకుంది. మబ్బు కనబడితే చాలు, సంచీ పట్టుకుని రేవు దాటడం, కొట్టులో ఉన్న ఆ మందు డబ్బాలన్నీ ఊడ్చుకురావడం. ఏళ్ళ తరబడి ఇదే పని. ఈ ఏడు సరుకే సరిగా రావట్లేదు, మిగతావాళ్ళకీ ఉంచవయ్యా అని కొట్టాయనంటే, ఆళ్ళ సంగతి ఆళ్ళు చూసుకుంటార్లెండి అన్నాడంట.

తెచ్చినవి ఎలా దాచాడో చెబితే మీరు నవ్వుతారు. బియ్యం పాతబడితే మంచిదంటాం కదా, బెల్లం పాతదైతే మందుకి పనికొచ్చిద్దంటాం కదా, మందూ అంతే అనుకున్నాడు. పాత డబ్బాలు పెట్టె అడుగున మాగబెట్టి, కొత్తవి పైనుంచి తీసి పెళ్ళానికిచ్చేవాడు. ఆవిడ చేతికిచ్చింది పీల్చేది.

ఇంతలో ఏమైందంటే, వరదొచ్చింది, పడవ ఆగింది. పక్కింటి నూకరత్నం కూతురికీ ఉబ్బసమే, ఒకే డాక్టరు ఒకే మందు రాశాడు ఇద్దరికీ. పిల్లకి పిల్లికూతలు మొదలయ్యాయి. నూకరత్నం పరిగెత్తుకొచ్చి, అన్నయ్యా, వరద రాకముందు కొట్టుకెళ్తే మొత్తం నువ్వే పట్టుకుపోయావన్నారు, ఒక్కటివ్వు అంది. అబ్బులు పెట్టెకి అడ్డంగా కూర్చున్నాడు. వరహాలమ్మ చూసిన చూపుకి లేచి పెట్టె తీశాడు. ఇచ్చేదేదో మంచిదివ్వాలని అడుగున చెయ్యి పెట్టి అన్నిటికంటే పాతది తీశాడు. చూడమ్మా, బాగా మాగింది, ఇంటావిడకి కూడా ఇంకా తియ్యలేదు అన్నాడంట గొప్పగా.

పిల్ల పీల్చింది, పీల్చింది, ఆయాసం తగ్గదే. పెదాలు నల్లబడుతున్నాయి. వరహాలమ్మ డబ్బా లాక్కుని తేదీ చూసింది. ఏవయ్యా, ఇది చచ్చి ఏడాదైంది, నువ్వింకా మాగబెడుతున్నావా అంది. పైనున్న కొత్త డబ్బా తెచ్చి పిల్లని కూర్చోబెట్టి తనే పట్టించింది. తగ్గకపోతే నాటుపడవ కట్టించైనా ఆసుపత్రికి తీసుకెళ్దాం, నువ్వు ఏడవకు రత్నం అంది. కాసేపటికి పిల్ల ఊపిరి దారిన పడింది. అమ్మా, ఆకలేస్తోంది అందంట.

వరహాలమ్మ పెట్టె దింపించింది. వాడేది ఒకటి, దాని వెనక ఇంకొకటి తనకి ఉంచుకుంది. తేదీ ఉన్నవి, డాక్టరు ఆ మందే రాసినవాళ్ళకి పంచింది. తేదీ పోయినవి పారేయించడానికి వరద తీశాక కొట్టాయనకిచ్చింది. పంట మునిగినవాడిలా చూస్తూ కూర్చున్నాడంట అబ్బులు. ముందు తెచ్చింది ముందు వాడాలి, అయిపోకముందే ఇంకోటి తేవాలి, అంతే, ఇకనుంచి సంచీ లేదు, జేబులో పట్టినంతే తే అందావిడ.

సరేనన్నాడు. మర్నాడే దర్జీ దగ్గరికెళ్ళి చొక్కాకి ఇంత పొడుగు జేబు కుట్టించుకున్నాడంట.