గాలి మూతికి చెక్క

గురజాల దగ్గర ఒక మిరపచేలో, తిరగకుండా పట్టేసిన, నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ ముందు మెకానిక్ గొంతుక్కూర్చున్నాడు. చేనుగలావిడ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“ఆయిల్ ఇంత పోసిందెవరు పిన్నీ? కొలపుల్ల మీద గీత దాటి బెత్తెడుంది.”

“మీ బాబాయి. ఎక్కువ పోస్తే ఇంజన్ చల్లగా ఉంటదంట.”

“ఆ ఆయిలే తాగి రెచ్చిపోయింది. ఆపకపోయావా?”

“డీజిల్ కట్టేశా. అయినా రంకెలేస్తా పొగ కక్కింది. బతికితే చాలని గట్టు మీదికి ఉరికా.”

“డీజిల్ కడితే ఆగదు పిన్నీ. చక్రానికి ఎడంగా నిలబడి, గాలి పీల్చే మూతికి మందపాటి చెక్క అదిమి పెట్టాల. ఊపిరాడక ఆగుద్ది. చెయ్యి మాత్రం పెట్టకూడదు, గుడ్డ పెడితే లోపలికి లాక్కుంటది.”

“ఇప్పుడా చెప్పేది? బిగించిన రోజే అడగలా నేను, ఆగకపోతే ఏం చెయ్యాలని?”

“బాబాయికి చెప్పాగా.”

“ఆయన చేలోకి వచ్చేది వారానికోసారి. రోజూ దీన్ని తిప్పేది నేను. ఆరోజు నన్నేమన్నావు? ‘నీకెందుకు పిన్నీ, పోయి టీ పెట్టు’ అన్లా?”

“తప్పే పిన్నీ.”

“తప్పంటే చేను తడుస్తదా? మిరప చానా వాడిపోయింది.”

“బాగవడానికి నాలుగు రోజులు పడుద్ది. బాబాయిని పిలువు, ఈసారి ఆయనకి దగ్గరుండి చూపిస్తా.”

“నాకు చూపించు. ఆయనకి నేను చెప్తాలే. చూపించాక నువ్వు పోయి టీ పెట్టు.”