కప్పు చప్పుడు

గోదావరిఖని బస్టాండులో ఫస్టు షిఫ్టు దిగొచ్చిన బొగ్గుగని సర్దారు, డిగ్రీ అయిన అతని బిడ్డ కూర్చున్నారు. ఆమె ఒళ్లో రెండు కోర్సుల ఫారాలున్నాయి.

"బాపూ, గిది హ్యాకింగ్ సర్టిఫికెట్, దొంగలు కంప్యూటర్లల్లకు ఎట్ల జొరబడ్తరో నేర్పుతరు, మూడు నెలలు. గిది ఉత్త నెట్‌వర్కింగ్, ఆర్నెల్లు."

"నువ్వు చేద్దామనుకున్న నౌకరి ఏందో మళ్ళొక్కసారి చెప్పు."

"కంపెనీల కంప్యూటర్లల్ల దొంగలు జొరబడకుంట కాపలా కాసుడు. మూడు నెలలదే చేస్త, జల్ది అయితది."

"నెట్‌వర్కు ఎట్ల నడుస్తదో నీకు ఎరికేనా?"

"పూరాగ ఎరికలేదు."

"నేను సర్దారు పరీక్ష రాసెటందుకు ముందుగాల ఎన్నేండ్లు బొగ్గు బాయిల పన్జేసిన?"

"చానేండ్లు."

"గందుకే ఇయ్యాల కట్టెతోని బాయిల నెత్తిమీది కప్పు కొడితే, చప్పుడు వినంగనే గట్టిగున్నదో గుల్లగున్నదో చెప్త. మంచి కప్పు చప్పుడే తెల్వనోడు గుల్లను ఎట్ల పట్టుకుంటడు?"

ఆమె రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుంది.

"ఆర్నెల్లంటే ఆలస్యమైతది బాపూ. నా దోస్తులందరు ముందుకు పోతరు."

"పొద్దుగాల నేను కప్పు కొట్టి చూసేదాక పదిహేను మంది బయటనే ఆగిండ్రు బిడ్డా. ఒక్కడు సుత ఆలస్యమనలే."

ఆమె ఆర్నెల్ల ఫారం పైకి తీసింది. "పెన్నియ్యి బాపూ."