వెనక లైట్లు

అమ్ముడేంది? మూడు లైట్లు పలిగినయని ఇల్లసొంటి బండిని అమ్ముతరా ఎవరన్నా? గట్లయితే నీ పండ్లు ఊడినప్పుడే నిన్ను అమ్మాల్సింది నేను.

మొకం గట్ల పెట్టకు. ఛాయ తాగు, చల్లారుతది. నర్మెట్ట నుంచి ఆ రాంచందర్ బేరానికి వచ్చేలోపు నేను చెప్పేది జర ఇను.

మొన్న మరిపెడల మా అక్కోల్ల గల్లీల రివర్స్ తీస్తుంటే గోడకు కొట్టిన్నని నీ మనసుల పడ్డది. జనగామకొచ్చి చూస్తే ఎడమ దిక్కు ఎర్రలైటు, మలుపుకాడ ఏసే పసుపు లైటు, వెనక తలుపు మీది బుగ్గలైటు, మూడూ పలిగున్నయ్. "గోడకు తాకినా నాకు తెల్వలే, రేపు మనిషికి తాకితే?" అంటివి. ఇగ అప్పటిసంది తిండి లేదు. ముప్పై ఏండ్లు బస్సు నడిపినోనివి, గంతట్లకే పానం ఇడిశినట్టు కూసుంటవా?

లైట్లంటవా, అయినయ్. పొద్దుగాల నువ్వు పడుకున్నప్పుడే ధర్మేందర్‌ను పిలిపిచ్చిన, గదే, బండ్లకు కరెంటు పని చేసేటాయన. "అవ్వా, ఆగయ్య బాపు బండి మస్తు పాతది, గీ లైట్లు ఇప్పుడు దొరకయ్" అన్నడు. ఏది దొరికితే గదే పెట్టమన్న. ట్రాక్టర్ ట్రాలీ లైటు తెచ్చిండు, ఎరుపు పసుపు రెండూ అండ్లనే ఉన్నయ్, తలుపుకు ఏరే బుగ్గలైటు ఏసిండు. ట్రాలీ లైటు పాత బొక్కలకు కుదరకపాయె. రేకు ముక్క కొట్టి దాని మీద బిగిచ్చి, వాన నీళ్లు పోకుండ సుట్టూ గమ్ము పూసిండు. తుప్పు పట్టిన వైరు తీసేసి కొత్తది అతికిచ్చిండు. ఎడమది కుడిదానికన్న జర పెద్దగున్నది. ఉండనియ్, మన మొకాలు రెండు దిక్కులా ఒక్కతీరుగ ఉన్నయా?

చూస్తానికి "బ్రేకు తొక్కవ్వా" అన్నడు. నీ సీట్ల నేను కూసున్న. నవ్వుతవేంది? కాలు అందలే, ముందలికి జరిగి జరిగి తొక్కిన. వెనక ఎర్రగ ఎలిగిందన్నడు. మస్తు సంబురమైంది నాకు.

ఏందీ? లైటు గాదు, నీ కండ్ల సంగతంటవా? నీ కండ్లకేమైంది? నాడు వెనక నిలబడి రానియ్ రానియ్ అన్నది నేనే గదా. గోడకు బండికి నడుమ మా అక్క బర్రె పట్టేంత జాగున్నది.

మరెట్ల పలిగినయంటే... ఆగు, చెప్తున్న.

గుమ్మడికాయ. బూడిద గుమ్మడికాయ. దిష్టి తాకొద్దని ఇంటి ముంగట కడ్తరు గదా, గదే. బండికి నిమ్మకాయలు చాలంటవని నాకెర్కే. గని నాకు అది బండి గాదాయె, ఇల్లు. అండ్ల మన మంచమున్నది, పొయ్యున్నది, నా చీరలున్నయ్. అక్కోల్ల గల్లీ ఆడోళ్లంతా వచ్చి లోపలికి తొంగి తొంగి చూసి, "సత్తమ్మకేంది, మొగడు ఇల్లునే ఎంట తిప్పుతుండు" అన్నరు. నాకు గుబులైంది. రివర్స్ అయినంక నువ్వు ముందల స్టీరింగు కాడనే ఉంటివి, నేను వెనక తలుపు మీద కట్టిన. తాడు జర పొడుగైంది.

తొర్రూరు దాటినంక ధడ్ ధడ్‌మని చప్పుడైతే లోపల గిన్నెలనుకున్న. ఇంటికాడ దిగి చూస్తే కాయ లేదు, ఉట్టి తాడు ఏలాడుతుంది. ఊగి ఊగి లైట్లు పలగ్గొట్టి ఎక్కడ్నో పడ్డది. నువ్వు వెనకకు వచ్చేలోపు తాడు పీకి కొంగుల దాచిన.

తిడ్తవని చెప్పలే. ఒక్క పూట ఆగి చెప్దామనుకున్న. ఆ పూటల్నే నువ్వు రాంచందర్‌కు ఫోన్ కొట్టినవ్. ఇగ నువ్వు నీ చేతుల దిక్కే చూసుకుంట కూసుంటివి. నీకు ఏ రోగమచ్చినా గంత బాధ కాకపోవు నాకు.

ముప్పై ఏండ్లు ఊరందర్ని తిప్పితివి. నన్ను మరిపెడ దాక తిప్పి చాలంటవా? గంగారం అడివి చూపెడ్తనంటివి. భూపాలపల్లి దాటిచ్చి గోదారి చూపెడ్తనంటివి.

గదిగో, బయట రాంచందర్ పిలుస్తుండు. నా దిక్కు గట్ల చూడకు. నీ తప్పు ఇసుమంతన్న లేదు, అంతా నాదే. పోయి ఆయన్ను వాపస్ పంపు. నన్ను తిట్టేదంతా బండి నడుపుకుంట తిట్టు.