ఒడిబియ్యం ఉత్తరం

అట్ల మొకం తిప్పుకోకు చిన్నమ్మా. తిట్టేది ఉంటే ముందుగాల ఆ సతీష్‌బాబును తిట్టు. వాడు చేసిన మోసానికి నేను బోధన్ నుంచి మోస్రా దాంక రెండు బస్సులు మారి వచ్చి నీ గడప కాడ దోషి లెక్క నిలబడాల్నా?

కూసొమ్మనకున్నా కూసుంటున్న. నువ్వు బీడీలు చేసుకో. చెవి ఒక్కటి ఇటు పెట్టు, చాలు.

నన్ను కన్న మా అవ్వ నీకు ఉత్తరం రాయలే. గదొక్కటి చెప్పి పోదామని వచ్చిన. నీ అక్క నిన్ను ఒడిబియ్యానికి పిలిచి, గేటు కాడ నిలవెట్టి, ఇజ్జత్ తీసిందనుకుంటున్నవ్ గదా? ఆమె పిలువనే లేదు. అది నా కథల ఉత్తరం.

అగో, కత్తెర ఆగింది. విను మరి.

ఎట్ల చెప్పాలె నీకు... నేనొక పుస్తకం రాస్తున్న. అది పుస్తకం లెక్క ఉండదు. నెలకొక్క ఉత్తరం, తొమ్మిది నెలలు, పోస్టుల ఇంటికొస్తది. అక్క చెల్లెకు రాస్తుంటది. చదివేటోళ్లు తామే ఆ చెల్లె అనుకోవాలె. పదకొండేండ్లు మాట బందైన అక్కాచెల్లెండ్లు.

ఏంది? ఎవ్వల కథనా? ఇంకెవ్వలది చిన్నమ్మా! ఆ ఇంట్ల పెరిగినదాన్ని, వేరే కథ యాడికెళ్లి తేవాలె?

అచ్చేయనీకి, స్టాంపులకు నా తాన ఏముంటది? జిరాక్సు సెంటర్ల కొలువాయె. అందుకే ఫోన్ల చందా పెడదామనుకున్నం. క్రౌడ్‌ఫండింగ్ అంటరు. వినాయకుని చందా లెక్కనే, గని గల్లీలు తిరిగే పని లేదు. నెల దినాలల్ల అనుకున్నంత జమైతే పుస్తకం, కాకుంటే ఎవ్వలది వాళ్లకు వాపసు. దానికి మొదలు ఒక వీడియో కావాలె. నేను కెమెరా ముంగట కూసొని మాట్లాడిన. అబ్బో! బడిల ప్రతిజ్ఞ చెప్పినట్టే ఉంది. నేనే చూడలేకపోయిన.

అప్పుడు పెట్టిండు వాడు పుల్ల. సతీష్‌బాబు కోటగిరి దిక్కు ఆంధ్రోళ్ల క్యాంపు పిలగాడు, పెండ్లిళ్ల వీడియోలు తీస్తడు. "ఇట్లాగైతే ఎవడూ రూపాయి ఇవ్వడు స్నేహా. నిజంగా ఎవరికో ఒకరికి ఉత్తరం వెళ్ళాలి. వాళ్ళు విప్పి చదువుతుంటే తీయాలి. యాక్టింగ్ చేసేవాళ్ళు మాత్రం వద్దు" అన్నడు.

గుర్తుకొచ్చిండా? పోస్టాయన వెనుకనే బండి మీద పసుపు బేరానికని వచ్చిన పోరడు. చిన్నబాపు మంచం వాల్చిండు, నువ్వు చాయ్ పోసినవ్. వాడు అంగి జేబుల ఫోను నిలవెట్టి, నీ గిలాస చేతిల పట్టుకొని, నిన్ను తీసిండు! మనిషేనా వాడు?

నువ్వు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నవ్. మధ్యల ఆగి, "అయ్యా, ఈ ముక్క జెర చదువు బిడ్డా, నా కండ్లకు ఆనుతలేదు" అని కాయితం వాని చేతికే ఇచ్చినవ్. వాడు చదివిండు.

"పున్నం దాటినంక వచ్చే బేస్తారం మీ ఆయన్ను తోల్కొని రా చెల్లె. నీ ఒడిబియ్యం నా తాన్నే ఉన్నయి."

నువ్వు ఆ కాయితాన్ని కండ్లకద్దుకున్నవ్.

"ఇది పెట్టొద్దు, మా చిన్నమ్మ మొకం కనవడొద్దు" అన్న నేను. అమ్మతోడు, అన్న. వాడు సరే అన్నడు. సోమారం పొద్దుగాల లేచి చూస్తే ఏముంది? లోకమంత నిన్ను చూస్తున్నది.

ఇంటర్ తప్పినదాన్ని చిన్నమ్మా. గ్రంథాలయంల చెదలు పట్టిన పుస్తకాలు పట్టుకొని నాకు నేనే నేర్చుకున్న. ఇంట్ల నవ్విన్రు, సెంటర్ల నవ్విన్రు. నా రాత ఫస్టు చదివి "నువ్వు రాయగలవు" అన్నది వాడొక్కడే. అసొంటోడే గొంతు కోస్తే ఇగ ఎవ్వల్ని నమ్మాలె?

ఆ?

...ఇల్లు వానికి ఎవ్వలు చూపిచ్చిన్రంటవా.

నేనే. అడ్రసు నేనే రాసిచ్చిన. "ఎవరికో ఒకరికి" అన్నడు వాడు. నీ పేరు నా నోట్లకెళ్లే వచ్చింది. వేరెవ్వలన్న చదివితే ఊకె ఉత్తరం అయితది. నువ్వు చదివితే...

రాత సుత నాదే. అక్క చెయ్యి గుర్తుపట్టిన అంటున్నవ్ గదా, ఎందుకు పట్టవు! చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అవ్వ రాసినట్టు చిట్టీలు రాసుకునేదాన్ని. "నా బిడ్డకు జరం వచ్చినది" అని. అవ్వ 'ర' కింద తోక లాగుడు, గీత దాటి పైకి పోవుడు, అన్ని వచ్చు నాకు. ఒక్క సారుకన్న అనుమానం రాలే.

గని ఒడిబియ్యం ముక్క... అదెందుకు పెట్టినవని అడుగు. అడుగవా? నేనే చెప్త.

కథల అక్క చెల్లెను ఏమని పిలువాలె? ఊకె రమ్మంటే చెల్లె రాదు. తప్పైంది అనేటి రకం కాదు అక్క. రాసుకుంట రాసుకుంట ఈ మాట తట్టింది. తట్టంగనే కుర్చీల కెళ్లి లేచిన, అంత ముచ్చటైంది. ఒడిబియ్యానికి పిలిస్తే ఏ ఆడిబిడ్డ ఆగుతది? పుట్టింటోళ్లు పసుపు బియ్యం, కుడుకలు ఒడిల పోస్తమంటే నడుము ఇరిగినా లేచొస్తది. అన్నదమ్ములు లేని ఇల్లు మనది. అమ్మమ్మ ఇంట్ల మా అవ్వ ఉన్నది, నీకు పుట్టిల్లంటే మా గడపొక్కటే. అమ్మమ్మ దినం నాడు పదిమందిల "బతికున్నప్పుడు గంజి పోయనిదానివి, ఇప్పుడు ఏడ్వనీకొచ్చినవా" అని మా అవ్వ అన్ననాటి నుంచి, నీ ఒడిల గింజ పోసినోళ్లు లేరు. నాకు తెల్వదా? తెలిసే రాసిన. తెలిసింది గనుకనే రాసిన.

నువ్వు గల్లీ అంత చెప్పుకున్నవట. పోయొచ్చినంక ఆ బియ్యం వండి అందరికి బువ్వ పెడ్తనని, పక్కింటి మహబూబీ ఖాలను సుత పిలిచినవట. బస్టాండు కాడ లైబా కలిసింది, ఖాల మనుమరాలు. నిన్న నీకు ఆ వీడియో చూపిచ్చింది ఆమెనే గదా. పాపం, మంచికే చూపిచ్చింది. "అత్తా, నువ్వు ఫేమస్ అయినవ్" అన్నదట.

బేస్తారం నువ్వు కొత్త చీర కట్టుకొని గేటు కాడ నిలవడి "అక్కా" అన్నవ్. పదకొండేండ్లకు. చిన్నబాపు సంచి పట్టుకొని నవ్వుకుంట ఎనుక నిలవడ్డడు. అవ్వ బయటికొచ్చి "ఎవ్వలు రమ్మన్నరు?" అన్నది. నువ్వు కొంగుముడి విప్పి ఉత్తరం తీసిచ్చినవ్. అవ్వ చూసింది. "రాత నాదే. నేనైతే రాయలే" అన్నది. అని కిటికీ దిక్కు చూసింది.

కిటికీ ఎనుక నేనున్న.

ఒక్క గడియల తెలిసిపోయింది ఆమెకు. గని నా పేరు ఎత్తలే. తలుపేసుకున్నది. బిడ్డను దాసిపెట్టి చెల్లెను బజార్ల ఇడిశిపెట్టింది. నువ్వు సక్కగ ఆటో దిక్కు నడిచినవ్. అదేం తల్లి ప్రేమ చిన్నమ్మా? ఆ పొద్దు నా జుట్టు పట్టుకొని నీ ముంగటికి ఈడ్చుంటే, నాలుగు దెబ్బలు తిని నేనిట్ల బస్సులు పట్టుకొని తిరగకపోదును. అప్పటిసంది నాతోని మాట బందు. ఆమెకు అలవాటే గదా!

చందా నిండింది. నాలుగొందల పైచిలుకు మంది. మొకాలు తెల్వనోళ్లు. అందరు అడిగేది ఒక్కటే: ఆ చెల్లె పోయిందా? ఒడి నిండిందా?

చిన్నమ్మా, ఇందాక అబద్ధమాడిన.

వీడియో పెట్టింది వాడు కాదు. నాకు పంపి, "నువ్వు ఊ అంటేనే" అన్నడు. లోకానికి పెట్టే బటను నా ఫోన్లనే ఉంటది. మూడు మాట్లు చూసిన, నొక్కిన. "పెద్దావిడ నిజమనుకున్నట్టున్నారు, బేస్తవారం బయల్దేరతారేమో, ఒక్క ఫోన్ చెయ్యి" అని సుత అన్నడు. వాడన్నడు! నీ చాయ్ తాగినోడు!

సోమారం చెయ్యలే. మంగళారం చెయ్యలే. నీ నంబరు తీసి పెట్టుకొనే కూసున్న.

భయమనుకోకు. చందా ఆగుతదని సుత కాదు. రెండో ఉత్తరం కాడ ఆగిపోయిన నేను. చెల్లె వచ్చింది, అక్క తలుపు తీసింది, ఇగ ముంగటికి పోతలేదు. ఆ అక్క నోరు తెరిస్తే ఏమంటదో నాకు తెల్వకుండె. పది దినాలు తెల్ల కాయితం. నువ్వొస్తే తెలుస్తది గదా అని...

ఆటో మూల తిరిగేదాంక చూసిన. చూసి, పోయి కూసొని రెండో ఉత్తరం రాసిన. ఒక్క మాట కొట్టేసే పని పడలే.