వెలగని గాజుబిళ్ల

రేడియేషన్ లెక్కలు చూసే గదిలో ఆమె తలుపు దగ్గరగా వేసింది. ఎదురుగా మరిది. పైపుల అతుకుల్ని రేడియేషన్‌తో ఫోటోలు తీయడం అతని పని. అతని చొక్కాకుండే గాజుబిళ్లను ఆమె ఇప్పుడే యంత్రంలో వేడిచేసింది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో, ఆ వేడికి గాజులోంచి వచ్చే వెలుగే చెబుతుంది.

“నీ బిళ్ల వెలగనేలేదు.”

“మంచిదేగా వదినా! ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశానన్నమాట.”

“నా బీరువాలో ఊరికే పడున్న బిళ్ల కూడా కాస్త వెలిగింది. నేల నుంచీ గోడల నుంచీ ఎంతోకొంత తగలకుండా ఉండదు. నీది ఎక్కడ దాచావు?”

“దాచడమేంటి? చొక్కాకే ఉంది.”

“నా మొహం చూసి చెప్పు.”

“రేడియేషన్ తగలకుండా సీసం పెట్టెలో పెట్టాను. ఎక్కువ చూపిస్తే పనిలోంచి పక్కన పెట్టేస్తారు. అన్నయ్యతో అనకు.”

“అనడానికేముంది? నీకెంత తగిలిందో ఇక ఆ గాజుక్కూడా తెలియదు.”

“నాకేమైంది వదినా? గుండ్రాయిలా ఉన్నాను.”

“అయితే వచ్చినప్పట్నించీ జేబులోంచి తీయని ఆ చెయ్యి చూపించు.”

అతను జేబులో చెయ్యి అలాగే ఉంచి, రెండో చెయ్యి చాపాడు.