అయిదుకి అయిదు

ఫిన్లండ్ పడమటి తీరంలో తౌనో అనే రైతు టమాటా తోట, గాజు కప్పు కింద. చదువుకునే రోజుల్లో నాలుగు వేసవులు ఇక్కడే పనిచేసిన ఇలోనా మళ్ళీ వచ్చింది.

"మళ్ళీ కాయలు కోస్తావా? వ్యవసాయంలో అంత పెద్ద చదువు చదివి?"

"కోస్తాను తౌనో గారూ. ఈసారి వేసవికి కాదు, ఎప్పటికీ."

"ఆ విత్తనాల కంపెనీ వాళ్ళు పిలిచారన్నావు?"

"పిలిచారు. వేరేవాణ్ణి తీసుకున్నారు. సోమవారం చేరిపోయాడు కూడా."

"ఏమైంది?"

"ఏముంది... ఈ తీగ కట్టనా?"

"తీగ సంగతి నేను చూస్తాలే. ఏమైందో చెప్పవేం?"

"ఫారం ఇస్తారు కదా. చొరవ ఎంత, ధైర్యం ఎంత, మనకి మనమే అయిదుకి మార్కులు వేసుకోవాలి. ఇంతకుముందు ఆరు చోట్లా అన్నిటికీ మూడే వేశాను. తన్ను తాను పొగుడుకునేవాణ్ణి మనవైపు ఎవరు గుమ్మం తొక్కనిస్తారు?"

"ఎవరూ తొక్కనివ్వరు."

"ఆ మూళ్ళే నన్ను ముంచాయంది ఉద్యోగాల ఆఫీసులో ఆవిడ. నెల రోజులు అద్దం ముందు నిలబెట్టి, 'నాకు చేతనవును' అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి అన్నిటికీ అయిదు వేశాను. ఊరికే వెయ్యలేదు, నిజంగానే నమ్మాను. పుట్టాక మొదటిసారి."

"మరి?"

"నా గురించి అడగమని మా ప్రొఫెసర్ పేరూ మీ పేరూ ఇచ్చాను కదా, ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేశారట. ఆయన నా గురించి గొప్పగా ఏమీ చెప్పలేదట. నీ గురించి నువ్వనుకునేదానికీ, నిన్నెరిగినవాళ్ళు అనుకునేదానికీ పొంతన లేదమ్మా అన్నారు."

"ఎవరికి చేశారో చెప్పారా?"

"చెప్పరు. మా ప్రొఫెసర్‌కే అయ్యుంటుంది. మీకు చేస్తే మీరు చెప్పేవారు కదా?"

"ఆ బుట్ట ఇలా జరుపు."

"ఆయన మంచిపనే చేశాడు. లేకపోతే ఆ అయిదులు పట్టుకుని ఇంకెన్ని చోట్ల నవ్వులపాలయ్యేదాన్నో. నేను మూడే, తౌనో గారూ. ఇక ఎవర్నీ ఏ ఉద్యోగమూ అడగను."

"అలా అనకు."

"పోనీలెండి, నాకు లేని బాధ మీకెందుకు? కాయలు నలిగిపోతున్నాయి, చూసుకోండి."

"ఇలోనా."

"ఊఁ."

"ఆ ఫోన్ నాకే వచ్చింది. 'ఆ పిల్లలో తప్పు పట్టడానికేం లేదు' అని పెట్టేశాను. ఈ తోట పెట్టిన ముప్పై ఏళ్ళలో ఆ మాట నేను ఇంకెవరి గురించీ అనలేదమ్మాయ్."