వానపాముల పరీక్ష

ఇగ సాలియ్యే, స్వరూపా! పొద్దటి సంది గదే ఏడుపు. బువ్వ ముట్టవు, మొగనితోని మాట్లాడవు. నీ మొగని అన్న పెండ్లాన్ని, యారాలునైన పాపానికి ఇల్లంత ఈ దుర్గవ్వనే ఊడ్సుకోవాలె, నీ మొగనికి గూడ నేనే ఒడ్డియ్యాలె. ఏందే నా కర్మ?

పరీక్షే గదా పోయింది, పానమా? ఊరూరు తిరిగి వానపాముల ఎరువు నేర్పే నౌకరి దౌల్తాబాద్ పిల్లకు దొరికిందట. దొరకనీ. సకల జనుల సమ్మెల బస్సులు బందైనయ్, పరీక్ష గూడ బందే అనుకున్నవ్, ఇంట్ల కూసున్నవ్. ఆల్లేమో సిద్దిపేటల పెట్టనే పెట్టిన్రు.

ఏందీ? జీపు పంపుతున్నమని ఇంటికి ఫోన్ చేసిన్రా? ట్రైనింగు సెంటర్ల సారు చెప్పిండా? గందుకేనా స్వామిని గన్ని తిట్లు తిట్టినవ్? పెండ్లాం తనకంటె పెద్దదైతదని దాపెట్టిండంటివి! పాపం, ఆ దినం నా మరిది పొద్దుగాలనే చేనుకు పోయిండే.

అట్ల సూడకు నన్ను.

యాదికుందా? ట్రైనింగప్పుడు ఎరువుల తడి ఎంతుండాలె అక్కా అని అడిగినవ్. పిడికిట్ల పట్టి పిండితె చెయ్యి తడవాలె, సుక్క కారొద్దు అని చెప్పిన. తెల్లారి సార్ల ముందట గదే ముచ్చట నీ సొంతమోలె చెప్పినవ్. సప్పట్లు కొట్టిన్రు. నేను ఆడనే ఉన్న, మీ ట్రైనింగు ఎరువుకే మోసుకొచ్చిన పెంట గంప నెత్తిమీద పెట్టుకొని.

"ఈమె ఎవరమ్మా?" అన్నడు సారు. నువ్వేమన్నవ్?

"మా ఇంట్ల పని చేస్తది సార్. చదువు రాదు."

పని చేస్తదట! యారాలని చెప్ప నోరు రాలే నీకు. నేను గూడ ట్రైనింగుకు పేరు ఇయ్యవోయిన. పదో తరగతి లేదని ఎల్లగొట్టిన్రు. పెంటల పుట్టి పెంటల పెరిగినదాన్ని!

ఆ ఫోన్ ఎత్తింది నేనే.

అవునే, నేనే. జీపొస్తది, తొమ్మిదింటికి చౌరస్తా కాడ ఉండమను అన్నడు సారు. సరే సారూ అన్న. నువ్వు అర్రల పుస్తకం ముందటేసుకొని కూసున్నవ్. ఎవరక్కా అని అడిగితివి గూడ. ఎవరో, తప్పు నంబరన్న.

చౌరస్తా కాడికెల్లి జీపు హారన్ గూడ ఇనవడ్డది నీకు. ఉద్యమం పోరగాల్ల జీపులే, సదువుకో అన్న.

పాపం తగుల్తదా? తగలనియ్. ఆ జీపోడు హారన్ కొడుతనే ఉన్నడు, నేను వాకిట్ల కూసొని ఇన్న. నా బతుకుల గంత తియ్యటి సప్పుడు ఎన్నడు ఇనలేదే, స్వరూపా.